ఒకే మాట, ఒకే లెక్క: మొదటి సాలార్‌జంగ్ కథ

గూగుల్‌లో సాలార్‌జంగ్ అని కొట్టి చూడండి. ముందు మ్యూజియం వస్తుంది. ఆ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్. ఆయన తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ మొదటి సాలార్‌జంగ్. ముగ్గురూ నిజాంల దగ్గర దివాన్లుగా పనిచేసినవాళ్లే. ముగ్గురి బిరుదూ ఒకటే. డేటాబేస్ క్లాసులో ప్రైమరీ కీ ఎందుకో అర్థం కాక తల గోక్కున్నవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒక్కడే కాదు.

తమాషా ఏంటంటే, ఇలాంటి గందరగోళంతోనే ముప్పై ఏళ్లు కుస్తీ పట్టింది ఆ ముగ్గురిలో మొదటాయన. గ్రూప్స్‌కి చదివేవాళ్లు 1853లో దివాన్, 1865లో జిల్లాబందీ అని బిట్లు బట్టీ పట్టే ఉంటారు. ఆ బిట్ల వెనకున్న పని ఏంటో తెలిస్తే, రేపు ఏ కంపెనీలోనో డేటా టీమ్‌లో చేరినప్పుడు మీకు పనికొస్తుంది. ఎందుకంటే ఇప్పుడు డేటా గవర్నెన్స్, మాస్టర్ డేటా అంటున్న ఉద్యోగాల్లో జరిగేది చాలావరకు ఆ పనే. పది ఆఫీసులు ఒకే వస్తువుని పది పేర్లతో పిలుస్తుంటే, అందరినీ ఒక పేరుకి, ఒక అర్థానికి ఒప్పించడం.

తురాబ్ అలీ ఖాన్ 1829 జనవరి 21న బీజాపూర్‌లో పుట్టాడు. దివాన్ల కుటుంబమే అయినా, తండ్రి చిన్నప్పుడే పోయాడు. పెంచింది పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్. ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే తెలంగాణ వైపు కొన్ని ప్రాంతాల వసూళ్ల బాధ్యత ఒప్పగించారు. ఆ పనిలో ఉన్నది ఎనిమిది నెలలే అయినా, రాజ్యం లెక్కలు కింద నుంచి పైకి ఎలా వస్తాయో, దారిలో ఎలా మాయమవుతాయో దగ్గర నుంచి చూశాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫీల్డ్ పోస్టింగ్ అన్నమాట.

1853 మే నెలలో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. బాకీలు తీర్చలేక నిజాం బేరార్‌ని, రాయచూరు దోఆబ్‌ని ఈస్టిండియా కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. రాయచూరు అంటే మన గద్వాల పక్కనే. కొద్దిరోజులకే సిరాజ్-ఉల్-ముల్క్ చనిపోయాడు. ఆ నెలాఖరుకి ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీ ఖాన్ దివాన్ అయ్యాడు. మీలో చాలామంది బీటెక్ పూర్తయి రెండేళ్లు దాటిన వయసే అది.

చేతికొచ్చిన రాజ్యం ఎలా ఉందంటే, ఖజానా ఖాళీ. అప్పులిచ్చిన అరబ్బు, రోహిల్లా నాయకుల చేతుల్లో చాలా తాలూకాలు తాకట్టులో ఉన్నాయి. మిగిలిన చోట్ల వసూళ్లు కాంట్రాక్టు పద్ధతిలో నడిచేవి. ఎవరు ఎక్కువ పాడుకుంటే వాళ్లదే ఆ ప్రాంతం. రైతు దగ్గర ఎంత గుంజాడో కాంట్రాక్టరుకి తప్ప ఎవరికీ తెలియదు. రాజధానిలో దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ అని రెండు లెక్కల కచేరీలుండేవి. వాటిని రెండు కుటుంబాలు వంశపారంపర్యంగా నడిపేవి. ఏ ఊరి శిస్తు ఎంత, ఏ జాగీరు ఎవరిది అన్న సమాచారం ప్రభుత్వానిదే, కానీ అది ప్రభుత్వం చేతిలో లేదు. తన రాజ్యం లెక్క తెలియాలంటే దివాను ఆ దఫ్తర్దార్లను అడగాలి. ఆ పాత కాగితాల్లో చాలావరకు ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో ఉన్నాయి. స్టేట్ ఆర్కైవ్స్ అంటే అదే.

రూపాయి ఒక్కటే, విలువలు నాలుగు

అప్పట్లో రూపాయి అనే మాటకి కూడా ఒక అర్థం లేదు. నమ్మకపోతే మహబూబ్‌నగర్ వైపే చూడండి. గద్వాల సంస్థానం నాణేలు వేరు. వనపర్తి సంస్థానానికి సూగూరు టంకశాల. నారాయణపేటలో ఇంకో టంకశాల ఉండేది. ఆ నాణేల మీద ఊరి పేరు నారాయణపేట అని ఉండదు, దిల్షాదాబాద్ అని ఉంటుంది. ఒకే ఊరికి నాణెం మీద ఒక పేరు, జనం నోట ఇంకో పేరు. రాజధాని రూపాయి మళ్లీ వేరు. బరువులో, వెండి శాతంలో తేడాలు. నూరు రూపాయలు వసూలయ్యాయని ఒక కచేరీ రాస్తే, అవి ఏ రూపాయలో అడగాల్సిందే. ఈ తేడాల మీదే మార్వాడీ సావుకార్లు, సరాఫులు బతికేవాళ్లు, ఒక రూపాయిని ఇంకో రూపాయిలోకి మార్చి బట్టా తీసుకుంటూ.

సాలార్‌జంగ్ మొదట పట్టుకున్న పనుల్లో ఇదొకటి. జిల్లాల్లోని టంకశాలలు మూయించి, హైదరాబాద్ టంకశాలలో ఒకే ప్రమాణంతో నాణేలు కొట్టించాడు. 1858లో వచ్చిన ఆ రూపాయి పేరు హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుబాటయ్యేది. మీ ఇంట్లో తొంభై ఏళ్లు దాటిన తాతలో, అవ్వలో ఉంటే హాలీ, కల్దార్ అనే మాటలు అడిగి చూడండి. కల్దార్ అంటే బ్రిటిష్ రూపాయి. రెండింటి విలువ వేరు కాబట్టి లెక్క రాసేటప్పుడు ఏ రూపాయో పక్కన రాయడం వాళ్లకి అలవాటు. కాలమ్‌లో అంకె ఒక్కటే పెట్టి యూనిట్ రాయకపోతే ఏమవుతుందో ఆ తరానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. 1857 సంగతి వదిలేసి ఈయన కథ చెప్పడం నిజాయితీ కాదు. ఆ ఏడాది జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు సాలార్‌జంగ్ బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలబడ్డాడు. ఆయన దివాన్‌గిరీ అంతకాలం నిలవడానికి ఆ నిర్ణయం పెద్ద కారణం. 1860లో రాయచూరు దోఆబ్ నిజాంకి తిరిగి రావడం కూడా దాని ఫలమే. బేరార్ మాత్రం ఆయన ఎంత అడిగినా, 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లినా, తిరిగి రాలేదు.

తాలూక్దార్ అంటే ఎవరు?

1865 జిల్లాబందీ అనగానే మ్యాప్ మీద గీతలు గుర్తొస్తాయి. జిల్లాల సంఖ్య తర్వాత కూడా మారుతూనే వచ్చింది కాబట్టి గీతలంత ముఖ్యం కాదు. అసలు మార్పు మెట్లలో ఉంది. ఊరు, తాలూకా, జిల్లా, వాటిపైన సుబా. ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. తాలూకాకి తహసీల్దార్. జిల్లాకి అవ్వల్ తాలూక్దార్, ఆయన కింద దువ్వం, సువ్వం తాలూక్దార్లు, అంటే మొదటి, రెండో, మూడో. నల్లగొండలో తహసీల్దార్ ఏ పని చేస్తాడో నాగర్‌కర్నూల్‌లో తహసీల్దార్ కూడా అదే చేస్తాడు. ఇద్దరూ ఒకే రకం కాగితం పైకి పంపుతారు. 1868లో రెవెన్యూ, న్యాయం, పోలీసు, ఇతర శాఖలు అని నలుగురు సదర్-ఉల్-మహాంలను పెట్టడంతో పైన కూడా ఏ కాగితం ఎవరి బల్ల మీదకి వెళ్లాలో తేలింది. అంతకుముందు అన్నీ దివాను ఇంటికే వెళ్లేవి.

ఇందులో నాకు బాగా ఆసక్తిగా అనిపించేది తాలూక్దార్ అనే మాట. జిల్లాబందీకి ముందు హైదరాబాద్ రాజ్యంలో తాలూక్దార్ అంటే వసూళ్లు పాడుకున్న కాంట్రాక్టరు. తర్వాత తాలూక్దార్ అంటే నెల జీతం తీసుకునే ప్రభుత్వ అధికారి, ఇప్పటి కలెక్టర్ లాంటివాడు. అదే కాలంలో అవధ్‌లో తాలూక్దార్ అంటే పెద్ద భూస్వామి. సాలార్‌జంగ్ కొత్త మాట కనిపెట్టలేదు. జనానికి అలవాటైన మాటనే ఉంచి, దాని అర్థం మార్చాడు. డేటా పని చేసేవాళ్లు చూస్తే ఇది ప్రమాదకరమైన పనే. కాలమ్ పేరు అలాగే ఉంటుంది, 1865కి ముందు వరుసల్లో ఒక అర్థం, తర్వాత వరుసల్లో ఇంకో అర్థం. మీరు ఏ కంపెనీలో చేరినా ఇలాంటి కాలమ్ ఒకటి కచ్చితంగా ఎదురవుతుంది. కస్టమర్ అంటే డబ్బు కట్టినవాడా, యాప్‌లో రిజిస్టర్ అయినవాడా అని ఫైనాన్స్‌వాళ్లు, మార్కెటింగ్‌వాళ్లు కొట్టుకుంటుంటారు.

మరి తాలూక్దార్ అనే మాటకి కొత్త అర్థం ఎలా నిలిచింది? జీతం వల్ల. వసూళ్లలో వాటా తీసేసి నెలకింత అని ఇవ్వడం మొదలుపెట్టాక, ఆ జీతం రావాలంటే కొత్త నిర్వచనంలో ఇమడాలి. ఉత్తరువు కాగితం మీద రాసి పంపితే ఎవరూ మారరు. ఎక్సెల్ టెంప్లేట్ మెయిల్ చేసి అందరూ ఇదే వాడండి అంటే ఎంతమంది వాడతారో మీకే తెలుస్తుంది.

ఈ మార్పు ఇష్టం లేనివాళ్లు చాలామందే ఉన్నారు. పాత కాంట్రాక్టర్లు, అప్పులవాళ్లు, దర్బారులోని ప్రత్యర్థులు. ఆయన మీద హత్యాప్రయత్నాలు జరిగాయి. కొత్త శాఖలు నడపడానికి ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులను రప్పించాడు. 1874లో వచ్చిన మెహదీ అలీ రెవెన్యూ, సర్వే పనుల్లో పెద్ద బాధ్యత తీసుకున్నాడు. సమర్థులే, కాదనలేం. కానీ ఇక్కడివాళ్లకి ఉద్యోగాలేవి అన్న ముల్కీ ప్రశ్న కూడా ఆ కాలంలోనే రాజుకుంది. అది తర్వాత వందేళ్లు ఎలా మండిందో మీరు సిలబస్‌లోనే చదువుతున్నారు.

రాత విషయంలోనూ ఒక ఇబ్బంది ఉంది. పరిపాలన భాష పారసీ. ఉర్దూ అధికార భాష అయింది ఆయన పోయిన తర్వాతే. పారసీ లిపిలో హ్రస్వ అచ్చుల్ని సాధారణంగా రాయరు. ఊళ్ల పేర్లు తెలుగువి, రికార్డు ఆ లిపిలో. తర్వాత ఇంగ్లిష్ వచ్చింది. ఒకే ఊరికి మూడు రాతలు. ఇప్పటికీ నల్లగొండ, నల్గొండ రెండూ బోర్డుల మీద కనిపిస్తాయి. మహబూబ్‌నగర్‌ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు సెన్సస్ ఒకలా, రాష్ట్ర ప్రభుత్వం ఒకలా రాస్తాయి.

ఎకరం పక్కన గుంట ఎందుకుంది

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పట్టాదారు పాస్‌బుక్ తీయండి. విస్తీర్ణం దగ్గర 5.20 అని ఉందనుకోండి. తెలంగాణలో అది 5 ఎకరాల 20 గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి, ఐదున్నర ఎకరాలు. కృష్ణా నది దాటి పల్నాడులో అదే 5.20 చూస్తే అది 5 ఎకరాల 20 సెంట్లు. 100 సెంట్లు ఒక ఎకరం కాబట్టి, 5.2 ఎకరాలు. అంకె ఒక్కటే, తేడా 12 గుంటల భూమి. రెండు రాష్ట్రాల డేటాని ఒకే షీట్‌లో పెట్టి సమ్ కొట్టినవాళ్లకి తప్పు లెక్క వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఒక్క తెలంగాణ డేటాలోనే కూడా 2.30కి 1.20 కలిపితే ఎక్సెల్ 3.50 అంటుంది. నిజానికి అది 4 ఎకరాల 10 గుంటలు.

ఈ తేడాకి మూలం సాలార్‌జంగ్ కాలంలో ఉంది. 1870ల మధ్యలో మొదలైన భూమి సర్వేకి ఆయన ప్రభుత్వం బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతి తీసుకుంది. అందులో ఎకరం, గుంట. కోస్తా, రాయలసీమ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి, అక్కడ ఎకరం, సెంటు. ముందు మరాఠ్వాడాలో మొదలైంది. మన జిల్లాలకు సర్వే పూర్తిగా చేరేసరికి ఆయన లేడు. అయినా నమూనా అదే. ప్రతి కమతానికి ఒక సర్వే నంబరు, ప్రతి నేలకి ఒక వర్గం. ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే మాగాణి, బాగాత్ అంటే తోట. సర్వే తర్వాత తయారైన మొదటి రిజిస్టర్ సేత్వార్. భూమి తగాదాల్లో ఇప్పటికీ దాకా వెళ్లి చూసేది దాన్నే. పాత పహాణీల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం దాదాపుగా వస్తుంది.

అయితే ఈ సర్వే కథలో నల్లగొండవాళ్లు మర్చిపోలేని భాగం ఒకటుంది. కాంట్రాక్టు వసూళ్లు పోయినప్పుడు దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేల పాత పని పోయింది. వాళ్లకి నష్టపరిహారంగా ఏటా రుసుం ఇచ్చారు. కానీ ఊళ్ల పాత లెక్కలు, ఏ చెలక ఎవరి సాగులో ఉందన్న చిట్టాలు వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. సర్వే వచ్చి ఈ నంబరు ఎవరిది అని అడిగినప్పుడు, కాగితం చూపించగలిగింది వాళ్లే. దున్నే రైతుకి చదువు రాదు, చూపించడానికి కాగితం లేదు. మంచి నేలలు ఎన్నో అలా దేశ్‌ముఖ్‌ల పేరున పట్టా అయ్యాయి. వేల ఎకరాల దేశ్‌ముఖ్ ఆస్తులు నల్లగొండ జిల్లాలో పేరుకోవడానికి అదొక దారి. అప్పట్లో జనగామ తాలూకా కూడా ఈ జిల్లాలోదే, విసునూరు అందులోదే. 1940ల్లో సాయుధ పోరాటం రగిలింది ఆ ఊళ్లలోనే.

అంటే రిజిస్టర్ నమూనా బాగానే ఉంది. కాలమ్‌లు సరిగ్గానే ఉన్నాయి. మొదటిసారి వాటిని నింపింది ఎవరి మాట విని అన్నదే తేడా. సాలార్‌జంగ్‌ని పొగిడే పుస్తకాలు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తాయి. నా మటుకు నాకు, ఆయన పనిలో పెద్ద లోపం ఇదే. సమాచారాన్ని రెండు దఫ్తర్ల గుప్పిట్లోంచి విడిపించిన మనిషి, ఊళ్లో దేశ్‌ముఖ్ గుప్పిట్లో ఉన్నదాన్ని అక్కడే వదిలేశాడు.

ఇంకో హద్దు కూడా ఉంది. ఈ జిల్లాబందీ అంతా దివానీ ఇలాకాకే, అంటే దివాను పాలన కింద ఉన్న ఊళ్లకే. నిజాం సొంత ఖర్చుకి ఉన్న సర్ఫేఖాస్ వేరు, పాయెగాలు వేరు, జాగీర్లు వేరు. పాలమూరులో అయితే గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలు. అవి పేష్కష్ కట్టి తమ పాలన తాము చూసుకునేవి. కాబట్టి జిల్లా మ్యాప్ మీద రంగు ఒక్కటే అయినా, లోపల ఊరూరికీ నియమం మారేది. పెద్ద కంపెనీలు ఇంకో కంపెనీని కొన్నప్పుడు, కొత్తగా వచ్చిన శాఖ తన పాత సాఫ్ట్‌వేర్ వదలదు చూడండి, అచ్చం అలాగే.

1881లో హైదరాబాద్ రాజ్యంలో మొదటిసారి జనగణన జరిగింది. దాదాపు 98 లక్షల జనాభా అని తేలింది. ఊరు ఏ తాలూకాలో ఉందో, తాలూకా ఏ జిల్లాలో ఉందో ముందే ఖాయమై ఉండకపోతే ఆ లెక్క తీయడం కుదిరేది కాదు. రెండేళ్లకి, 1883 ఫిబ్రవరి 8న, కలరాతో సాలార్‌జంగ్ చనిపోయాడు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. ఆయన కాలపు పరిపాలన లెక్కలన్నీ కూర్చి చిరాగ్ అలీ ఇంగ్లిష్‌లో నాలుగు సంపుటాలు వేశాడు. ముప్పై ఏళ్ల కిందట లెక్క కోసం దఫ్తర్దార్ల ముందు నిలబడాల్సిన ప్రభుత్వం, అచ్చు వేయగలిగినన్ని లెక్కలు కూడగట్టింది.

రెజ్యూమేలో పెట్టుకోదగ్గ ప్రాజెక్టు వెతుకుతున్నవాళ్లకి ఒక సలహా. టైటానిక్ డేటాసెట్ అందరూ చేశారు, వదిలేయండి. 2011 సెన్సస్‌లో మహబూబ్‌నగర్ జిల్లా కోడ్ 538, నల్లగొండది 539. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత పాలమూరులోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల వచ్చాయి. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కి పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఆధారంగా 2011 ఊళ్ల జాబితాని ఇప్పటి జిల్లాల్లోకి సర్దండి. పేర్లతో జత చేయాలని చూస్తే మొదటి గంటలోనే ఇరుక్కుపోతారు. ఒకే పేరున్న ఊళ్లు జిల్లాకి ఎన్నో ఉంటాయి. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పక్కపక్కనే వచ్చి కళ్లు తిప్పుతాయి. ఏ ఊరు ఎక్కడికి వెళ్లిందో, ఏది జత కలవలేదో, ఎందుకు కలవలేదో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఆ ఎందుకు అనే భాగమే.

చేస్తూ చేస్తూ నాగర్‌కర్నూల్ దగ్గర కాస్త ఆగి చూడండి. సాలార్‌జంగ్ నాటి కాగితాల్లోనూ ఆ పేరుతో జిల్లా ఉంది. తర్వాత జిల్లా కేంద్రం పాలమూరుకి మారింది. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. 2016లో నాగర్‌కర్నూల్ మళ్లీ జిల్లాగా తిరిగొచ్చింది. కానీ ఆ నాగర్‌కర్నూల్ జిల్లా, ఈ నాగర్‌కర్నూల్ జిల్లా ఒకటి కాదు. హద్దులు వేరు, ఊళ్లు వేరు. మీ టేబుల్‌లో వాటికి రెండు వరుసలు కావాలి, ప్రతి వరుసలో ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని రెండు తేదీలు కావాలి.